పటానికి నిలిచే ఫొటో

2010, 2011 ప్రాంతంలో రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా షాపు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లంతా దాదాపు ఒకే మాట అడిగేవారు. "ఏవండీ, జేబులో పట్టే చిన్నది తీసుకోమంటారా, మెళ్లో వేసుకునే పెద్దది తీసుకోమంటారా?" చిన్నదంటే ఎనిమిది, పది వేలకి వచ్చే డిజిటల్ కాంపాక్ట్. పెద్దదంటే 18-55 లెన్సుతో కలిపి ముప్పై వేల దరిదాపుల్లో దొరికే డీఎస్ఎల్ఆర్, కానన్ 1100డీ గానీ నికాన్ డీ3100 గానీ. మధ్యలో ఇరవై వేల తేడా కాబట్టి ఇది డబ్బుతో తేలే వ్యవహారం అనుకునేవారు కొందరు. కాస్త చదివి వచ్చినవాళ్లు మెగాపిక్సెళ్లతో తేలుతుంది అనుకునేవారు. నాకు మాత్రం అది మా నాన్న హయాంలోనూ విన్న తగువే. ఆ మాటకొస్తే మా నాన్న పుట్టకముందు నుంచీ ఉన్న తగువే.

దీన్ని అమ్మకాల లెక్కతో కాకుండా పటాల లెక్కతో చూడడం నాకు అలవాటు. స్టూడియో అంటే పెళ్లిళ్ల మీదే బతుకుతుందని అందరూ అనుకుంటారు. పెళ్లిళ్లు మాఘంలో ఉంటాయి, వైశాఖంలో ఉంటాయి, మూఢంలో ఉండవు. పటాలకి మూఢం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే పెద్దకార్యం నాటికి దండ వేయడానికి పటం కావాలి. కొడుకో, అల్లుడో ఒక కవరు పట్టుకుని వస్తాడు. అందులో ఒక ఫొటో ఉంటుంది. "దీంట్లోంచి మా అమ్మని మాత్రం తీసి పెద్దది చెయ్యాలండి." ఆ ఫొటో చూడగానే ఏ కెమెరాతో తీశారో చెప్పేయగలను, 12×15 అంగుళాలకి పెంచితే ఎంత నిలుస్తుందో కూడా చెప్పగలను. పెద్ద కెమెరాకీ చిన్న కెమెరాకీ మధ్య ఉన్న తగువు తేలేది షాపులో కాదండీ, ఆ కవరు తెరిచినప్పుడు.

చరిత్రలో ముందు వచ్చింది పెద్దదే. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, ఇండోరులో సర్కారు ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫరు, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందినవారు. కొయ్య పెట్టె, ముక్కాలి స్టాండు, నల్లగుడ్డ, గాజు పలకలు: వీటితో ఆయన తీసిన దర్బారులు, వేటలు, భవనాలు ఈనాటికీ అచ్చవుతూనే ఉన్నాయి. నాకు వాటికంటే ఆయన 1892లో హైదరాబాదులో పెట్టిన జనానా స్టూడియో మీద ఆసక్తి ఎక్కువ. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ ఫొటోగ్రాఫరు ముందుకి రారు కాబట్టి అక్కడ కెమెరా నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పెద్ద కెమెరా బరువుని ఒక కూలీ మోస్తాడు, ఖరీదుని నవాబు భరిస్తాడు. దాని వెనక నిలబడే పరాయి మనిషిని మాత్రం ఏం చెయ్యాలి? దీన్‌దయాళ్‌గారు దాని కోసం ఏకంగా వేరే స్టూడియో కట్టాల్సి వచ్చింది.

అదే సమయంలో అమెరికాలో ఈ ఇబ్బందికి ఇంకో మందు కనిపెట్టారు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ అనే పెట్టె అమ్మడం మొదలుపెట్టాడు. ధర 25 డాలర్లు. లోపల 100 ఫొటోలకి సరిపడా ఫిల్ము చుట్టి ఉంటుంది. రీలు అయిపోగానే కెమెరాని ఉన్నదున్నట్టు రోచెస్టర్‌కి పంపి, ఇంకో 10 డాలర్లు కడితే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి తిరిగి పంపేవారు. బొమ్మలు రెండున్నర అంగుళాల గుండ్రటి బిళ్లల్లా వచ్చేవి. 1900లో ఒక డాలరుకి బ్రౌనీ వచ్చింది, పిల్లలు కూడా కొనుక్కునేలా. 1912లో వెస్ట్ పాకెట్ కొడాక్ వచ్చింది. పేరుకి తగ్గట్టే కోటు జేబులో పట్టేది. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్ని సిపాయిల కెమెరాగా ప్రచారం చేసి అమ్మారు. కందకాల్లో కెమెరాలు ఉండకూడదని బ్రిటిష్ సైన్యం నిషేధం పెట్టాక కూడా కొందరి జేబుల్లో అవి ఉండనే ఉన్నాయి. 1924లో ఎవరెస్టు మీద కనబడకుండా పోయిన మలోరీ దగ్గర ఉన్నది కూడా ఆ రకమేనని చెబుతారు. 1999లో ఆయన దేహం దొరికింది గానీ కెమెరా దొరకలేదు.

చిన్న కెమెరాకీ తిట్లు తప్పలేదు. ఎవరు పడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఫొటోలు లాగేస్తున్నారని అప్పటి పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు హార్వర్డ్ లా రివ్యూలో వ్యక్తిగత గోప్యత హక్కు గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఈ క్షణాల్లో తీసే ఫొటోలూ ఒక కారణమే. పెద్దదాని ముందు నిలబడాలంటే సిగ్గు, చిన్నది ఎప్పుడు తీసేస్తుందో తెలియక భయం. మా కౌంటర్ దగ్గర ఈ రెండూ విన్నాను.

మా నాన్న 1950ల చివర స్టూడియో పెట్టారు. గ్రూపు ఫొటోలకి తేకు పెట్టె కెమెరా, పెళ్లిళ్లకి పైనుంచి తొంగిచూసే జంట లెన్సుల యాషికా. ఆయనకి చిన్న కెమెరాలంటే చులకన. అగ్ఫా క్లిక్ III ఎవరైనా పట్టుకొస్తే "డబ్బా వచ్చింది, రోలు కడుగు" అనేవారు నాతో. వడోదరలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లు తయారుచేసిన ఆ డబ్బా అప్పట్లో మా ఊళ్లో స్కూలు మేష్టర్ల ఇళ్లలో, బ్యాంకు గుమాస్తాల ఇళ్లలో, గోదావరి స్టేషన్ వైపు రైల్వే క్వార్టర్లలో ఉండేది. లెన్సు దగ్గర ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. ఫోకస్ చేసే పనే లేదు. 120 రోలు వేస్తే పన్నెండు ఫొటోలు. ఫిల్ము కూడా మన దేశానిదే దొరికేది. ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు.

నాన్న తీసే విధానం చెబుతాను. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, భుజాలు సర్ది, గడ్డం రెండు వేళ్లతో కొంచెం పైకెత్తి, "కదలకండి" అనేవారు. మనిషి ఊపిరి కూడా బిగబట్టేవాడు. ఆడవాళ్లయితే కొంగు భుజం నిండా కప్పుకుని, కళ్లు కెమెరా మీద కాకుండా కెమెరా పక్కన నిలబడ్డ భర్త మీద పెట్టేవారు. తర్వాత నాన్న నెగటివ్‌ని అద్దం మీద పెట్టి సన్నటి పెన్సిలుతో ముఖం మీద మడతలు, మచ్చలు తీసేసేవారు. టచింగ్ అంటాం దాన్ని. ఆ చేతిపనిలో ఆయనకి మా జిల్లాలో పేరుంది. ఆ ఫొటోలు ఇప్పుడు చూసినా వెలుతురు, నీడ ఎక్కడా తప్పు పట్టలేం.

1979 గోదావరి పుష్కరాలకి ఆయన కోటిలింగాల రేవు దగ్గర స్టాండు వేశారు. నేను ప్లేట్లు అందించేవాణ్ణి. స్నానం చేసి, తల దువ్వుకుని, పొడి బట్టలు కట్టుకుని వచ్చి కుటుంబాలు వరసగా నిలబడేవి. ఆ పక్కనే అగ్ఫా పట్టుకున్న ఒకాయన నడుము లోతు నీళ్లలో దిగి, మునిగి లేస్తున్న తల్లిని తీస్తుంటే నాన్న నవ్వారు. "నీళ్ల మీద ఎండ పడుతోంది, ఏమీ రాదు" అన్నారు. నిజంగానే సగం రోలు తెల్లగా పోయింది. ఆ రోలు మా దగ్గరికే కడగడానికి వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత పటాల పని నా చేతికి వచ్చాక ఒక సంగతి గమనించాను. నాన్న తీసిన ఫొటోలు ఇచ్చి పటం కట్టమన్నవాళ్లలో చాలామంది చివరికి తీసుకునేటప్పుడు గుమ్మం దగ్గర ఆగేవారు. "బాగుందండి, కానీ మా అమ్మలా లేదు" అనేవారు. మడతలు తీసేసిన ముఖం, ఎవరో ఎత్తిపెట్టిన గడ్డం, బిగబట్టిన ఊపిరి. పిల్లలు ఆ మనిషిని అలా ఎప్పుడూ చూసి ఉండరు. అదే అగ్ఫా ఫొటో అయితే కళ్లు ఎండకి చికిలించుకుని ఉంటాయి, వెనక బావి గిలక కనబడుతూ ఉంటుంది, తల కాస్త వంకరగా ఉంటుంది. "ఇదిగో, ఇలాగే చూసేదండి" అంటారు. తీసినవాడు భర్తో తమ్ముడో కావడమే కారణం. ఆ డబ్బాకి అంతకుమించి ఏ గొప్పా లేదు.

కానీ అగ్ఫాకి ఇంకో అదృష్టం ఉంది, అది కొన్నవాళ్లకి తెలియదు. దాని లెన్సు సాదాసీదాదే. నెగటివ్ మాత్రం ఆరు సెంటీమీటర్ల చదరం, అంటే నాన్న జంట లెన్సుల కెమెరా నెగటివ్ ఎంతో అంతే. దాన్ని 12 అంగుళాలకి పెంచాలంటే అయిదారు రెట్లు పెంచితే చాలు. అందుకే నీడలో, చెయ్యి కదలకుండా తీసిన అగ్ఫా ఫొటో పటానికి చక్కగా నిలిచేది. ధరకి చిన్న కెమెరా, నెగటివ్‌కి పెద్ద కెమెరా. ఆ రెండూ ఒకే పెట్టెలో కలిసిన కాలం మళ్లీ రాలేదు.

అక్కణ్ణుంచి చిన్న కెమెరా కథంతా నెగటివ్ చిక్కిపోయే కథే. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కి ఉబ్బసం. పలకల కెమెరా మోయలేక సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరా చేసుకున్నాడు. 1925లో అది లైకాగా బజారుకి వచ్చింది. దాని నెగటివ్ 24×36 మిల్లీమీటర్లు. 1972లో కొడాక్ 110 ఫిల్ము తెచ్చింది. అది మరీ చిన్నది, 13×17 మిల్లీమీటర్లు. ఎనభైల్లో ఆ 110 హాట్‌షాట్ కెమెరాలు మా ఊరి పెళ్లిళ్లకీ వచ్చాయి. బద్దంత సన్నగా, ముచ్చటగా ఉండేవి. వాటి నెగటివ్‌లోంచి ఒక ముసలావిడ ముఖాన్ని పటానికి పెంచడమంటే గింజలు గింజలుగా విడిపోయిన బూడిదని ముఖంగా పోగుచెయ్యడమే. ప్రింటు మీద బ్రష్షుతో మూడొంతులు నేనే గీసేవాణ్ణి. అలాంటి పటాలు మా చుట్టుపక్కల ఊళ్ల గోడల మీద ఇంకా ఉన్నాయి. వాటిని ఫొటోలనడానికి నాకు మనసొప్పదు.

1986 ఆగస్టు వరద గురించి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎన్నడూ లేనంతగా వచ్చి లంక ఊళ్లని ముంచేసింది. నీళ్లు తీసిన వారం నుంచి జనం పటాలు, ఆల్బములు పట్టుకుని రావడం మొదలైంది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలు, ఒండ్రు మట్టి పట్టిన ఫొటోలు. ఎండలో ఆరబెట్టి తెచ్చినవాళ్లవి ఇక ఊడిరావు. కాగితం మీది జెలటిన్ జిగురై అద్దాన్ని పట్టేస్తుంది. అందుకని తడివి తడిగానే, మంచినీళ్ల బకెట్‌లో వేసి తెమ్మని కబురు పంపాం. ఆ నెలంతా డార్క్ రూమ్ ట్రేలన్నీ వాటికే. అప్పుడు తెలిసింది, నాన్న తీసిన పెద్ద ఫొటోలకి మా దగ్గర నెగటివ్ ఉంది, మళ్లీ వేసివ్వొచ్చు. డబ్బా కెమెరా ఫొటోలకి నెగటివ్ ఎవరింట్లో వాళ్లదే, అదీ అదే నీళ్లలో పోయింది. ఇంటి మనిషి తీసిన ఫొటోని దాచాల్సిందీ ఇంటి మనిషే. ఆ పని స్టూడియో నాలుగు అణాల కవరులో నంబరు వేసి చేసినంత జాగ్రత్తగా ఇళ్లలో ఎవరూ చెయ్యరు.

ఆ రోజుల్లో మంచి కెమెరా కొనడం మన చేతిలో పని కాదు. దిగుమతి సుంకాలు విపరీతం. మద్రాసు బర్మా బజారులో తెలిసినవాడుండాలి, లేదంటే గల్ఫ్ నుంచి ఎవరైనా రావాలి. కోనసీమ నుంచి, పశ్చిమగోదావరి నుంచి కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు తెచ్చే పెట్టెల్లో టేప్ రికార్డరు, సెంటు సీసాలు, నైలాన్ చీరలతో పాటు యాషికా ఎంఎఫ్-2 ఒకటి ఉండేది. రోలు ఎక్కించడం నేర్పమని మా దగ్గరికి వచ్చేవారు. మగవాళ్ల ముందు కెమెరాకి నిలబడడానికి సిగ్గుపడ్డ ఇళ్లలోనే ఆడమనిషి సొంత డబ్బుతో కొన్న కెమెరా వచ్చి కూర్చుంది. ఆ ఫొటోల్లో మొదటిసారి వంటిల్లు కనబడింది. పొయ్యి ముందు కూర్చున్న అత్తగారు, తలంటు పోయించుకుంటున్న పిల్ల, గేదెకి కుడితి పెడుతున్న చెల్లెలు. నాన్న స్టూడియోలో నాలుగు దశాబ్దాల నెగటివ్‌లు వెతికినా ఒక్క వంటిల్లు దొరకదు.

పెద్ద కెమెరా వైపు మాలాంటివాళ్లం సోవియట్ జెనిత్ నుంచి పెంటాక్స్ కె1000కి మారాం. అద్దం లోపల ఎగిరి పడుతుంది, లెన్సులోంచి ఏది కనబడితే అదే ఫిల్ము మీద పడుతుంది, లెన్సు మార్చుకోవచ్చు. పైన నేషనల్ ఫ్లాష్. ఇది మెళ్లో ఉంటే పెళ్లిపందిట్లో పురోహితుడు కూడా "ఆగండి, ఫొటో ఆయన రానివ్వండి" అని జీలకర్ర బెల్లం ఆపేవాడు. చిన్న కెమెరా పట్టుకున్న మేనమామని మాత్రం "నువ్వు పక్కకి జరగరా" అనేవారు. ఈ తేడాని మేం బొమ్మ నాణ్యత వల్ల వచ్చిందనుకున్నాం. 1991 తర్వాత సుంకాలు తగ్గి, కలర్ ల్యాబులు చిన్న ఊళ్లకి వచ్చి, కొడాక్ కేబీ10 లాంటివి పండగ బేరాల్లో అమ్ముడుపోయినప్పుడు కూడా మా మర్యాద చెక్కుచెదరలేదు. కేబీ10 ఫ్లాష్ లెన్సుకి మరీ దగ్గర. ఆ వెలుతురు కంటి లోపలి నెత్తురు పొర మీద పడి నేరుగా వెనక్కి వస్తుంది, ముఖాలన్నీ ఎర్రకళ్లతో వస్తాయి. పటానికొచ్చిన ఆ ఎర్రకళ్లకి నల్ల సిరా చుక్క పెట్టడం మా పనివాడికి రోజూ ఉండే పని. అయినా వాటిలో చాలావరకు 35 మిల్లీమీటర్ల ఫిల్ము కాబట్టి, ప్రింటు కాకపోతే నెగటివ్ ఉంటుంది కాబట్టి, పటానికి నిలిచాయి. తొంభైల్లో పోయినవాళ్ల పటాలు మా ఊళ్లో అన్నిటికంటే బాగుంటాయి, కావాలంటే చూసుకోండి. నవ్వే పటాలు మొదలైంది కూడా అప్పుడే.

డిజిటల్ సంగతికొస్తే, 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి పెట్టె మూడున్నర కిలోల పైన బరువుండేది, 0.01 మెగాపిక్సెల్ బొమ్మని క్యాసెట్టు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 ఒంటికి డిజిటల్ వీపు తగిలించి పత్రికలవాళ్లకి అమ్మింది. దాని ధరకి మా వీధిలో ఇల్లు వచ్చేది. మామూలు మనిషికి పెద్ద డిజిటల్ అందింది 2003లో, లెన్సుతో కలిపి వెయ్యి డాలర్ల లోపు కానన్ 300డీ దిగినప్పుడు. మరుసటి ఏడు నికాన్ డీ70. ఆ తర్వాత ఏటా ధర దిగుతూ, 2010 నాటికి మన చేతికొచ్చిన ముప్పై వేల సరుకు అయింది.

కౌంటర్ మీద రెంటినీ పక్కపక్కన పెట్టి నేను చెప్పే మాట ఇది. మామూలు కాంపాక్ట్ లోపల సెన్సారు సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరులో సగం ఉండదు. ఈ పెద్దదాని లోపలిది సుమారు 22×15, అంటే వైశాల్యంలో పది పన్నెండు రెట్లు. రెండింటి మీదా 12 మెగాపిక్సెళ్లు అని రాసి ఉంటుంది. అంత చిన్న చోటులో అన్ని గుంటలు తవ్వితే ఒక్కో గుంటలో పడే వెలుతురు తక్కువ. రాత్రి పూట, ఇంటి బల్బు కింద, బొమ్మంతా రంగు రంగుల నలుసులు పడతాయి. పైగా చిన్నది మీట నొక్కాక ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ క్షణంలో పిల్లాడు వెనక్కి తిరిగేస్తాడు. పెద్దది నొక్కగానే కొడుతుంది. ఇదంతా విన్నాక కుర్రాళ్లు అడిగేది ఒకటే. "వెనకాల బ్లర్ వస్తుందా అండి?" పెద్ద సెన్సారుకి వస్తుంది, చిన్నదానికి రాదు. మా ఊళ్లో డీఎస్ఎల్ఆర్‌లు అమ్మింది ఆ బ్లర్రే. మిగతా పాఠమంతా దండగ.

ఎవరు ఏది కొన్నారో గుర్తుంది. ఇంజినీరింగ్ కుర్రాళ్లు, అమెరికా నుంచి సెలవులకి వచ్చిన కొడుకులు, రొయ్యల చెరువుల మీద డబ్బు చూసినవాళ్లు పెద్దది కొన్నారు. మేష్టర్లు, నర్సులు, పాపికొండల లాంచీ ఎక్కడానికి బయల్దేరిన కొత్త జంటలు చిన్నది కొన్నారు. సర్వీసుకి తిరిగొచ్చిన తీరు ఇంకా చిత్రంగా ఉండేది. చిన్నవి ఇసకతో వచ్చేవి. ముందుకి సాగే లెన్సు గొట్టంలో రేవు ఇసక రేణువు ఇరుక్కుని మోటారు కదలదు. పెద్దవి బూజుతో వచ్చేవి. బీరువాలో, తోలు సంచీలో, పట్టుచీరల పక్కన ఏడాదంతా ఉండి, మా గోదావరి గాలి తేమకి లెన్సు అద్దాల మధ్య సాలెగూడులా ఫంగస్ పట్టేది. చెడిపోయిన తీరు చూస్తేనే తెలుస్తుంది, ఏది మనుషులతో తిరిగిందో, ఏది ఇంట్లో నగలా ఉండిపోయిందో.

మా వృత్తికి దెబ్బ తగిలింది మాత్రం ఆ నగ వల్లే. పెళ్లికి ఒప్పందం మాట్లాడడానికి వెళితే "మా బామ్మర్ది దగ్గర డీఎస్ఎల్ఆర్ ఉందండి, మీరు వీడియో ఒక్కటీ చూసుకోండి" అనేవారు. పందిట్లో మెళ్లో నల్ల పట్టీలతో ఆరుగురు. పురోహితుడికి ఎవరి కోసం ఆగాలో తెలియదు. అప్పుడుగానీ మాకు అర్థం కాలేదు, ఇన్నేళ్లూ మమ్మల్ని ఆగి చూసింది మా బొమ్మల కోసం కాదు, మా పెట్టె సైజు చూసి అని. ఫోటోగ్రాఫర్లు ఇంకా పెద్దవి కొన్నారు. 5డీ మార్క్ టూ, గొడుగు లైట్లు, క్రేను, డ్రోను, కరిజ్మా ఆల్బమ్. వేలల్లో ఉన్న పెళ్లి ప్యాకేజీ లక్షల్లోకి వెళ్లింది. అందులో కొంత కళ ఉంది, ఒప్పుకుంటాను. చాలావరకు బామ్మర్ది కంటే పెద్దగా కనబడాలన్న తాపత్రయమే.

ఇక చిన్నదాని చావు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచమంతా కలిపి 12 కోట్ల పైన డిజిటల్ కెమెరాలు బయటికి వెళ్లాయి. అందులో పది కోట్లకి మించి లెన్సు మారనివి, అంటే చిన్నవే. 2020 నాటికి అన్నీ కలిపి 90 లక్షలు కూడా లేవు. 2003 పుష్కరాల్లో మా షాపు ముందు ఫిల్ము రోళ్ల కోసం తోసుకున్నారు. తొలిరోజు తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయిన 2015 పుష్కరాల్లో రేవులో చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి, ప్రతి చేతిలో ఫోను. ఆ పన్నెండు రోజుల్లో నేను అమ్మింది మెమరీ కార్డులు, నీళ్లలో తడవకుండా ఫోన్లకి ప్లాస్టిక్ సంచులు. ఫోను చిన్న కెమెరాని ముందు మింగింది. తర్వాత ముప్పై వేల డీఎస్ఎల్ఆర్ వంతు వచ్చింది, దానికి అద్దం లేని కొత్త కెమెరాలు కూడా తోడయ్యాయి. నికాన్ డీ3500 తయారీ ఆగిపోయినప్పుడు కంపెనీ పెద్దగా చెప్పనే లేదు. జాబితాలోంచి పేరు తీసేసింది, అంతే.

పటాల లెక్కలో ఇప్పుడు నాకు ఒక పెద్ద ఖాళీ కనబడుతోంది. సుమారు 2005 నుంచి 2013 దాకా. ఆ ఏళ్లలో తీసినన్ని ఫొటోలు అంతకుముందు ఎప్పుడూ తియ్యలేదు. పటానికి తెచ్చేసరికి అవి లేవు. చిన్న కెమెరా ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కించారు, ఆ కంప్యూటరు హార్డ్ డిస్కు పోయింది. సీడీలో రాయించారు, సీడీ పొర లేచిపోయింది. నెగటివ్ అనేది లేదు, ప్రింటు వేయించలేదు. పెద్దాయన 2009లో మనవడి బారసాలలో పగలబడి నవ్విన ఫొటో ఉండేదని కొడుకు చెబుతాడు, ఫలానా చొక్కా అని కూడా చెబుతాడు. చేతికి ఇచ్చేది మాత్రం ఓటరు కార్డు జిరాక్సు. అదే ఇంట్లో 1982 నాటి అగ్ఫా ప్రింటు, అంచులు పసుపుబారి, ఇంకా ఉంటుంది. డీఎస్ఎల్ఆర్ కొన్న ఇళ్లలో పరిస్థితి కొంచెం నయం. బొమ్మ బాగుందన్న మురిపెంతో కొన్నైనా ప్రింటు వేయించారు. కానీ ఆ ప్రింట్లలో ఎక్కువ పువ్వులు, సూర్యాస్తమయాలు, నీటి చుక్కలు. ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ ఉన్నారు కదా అని వాళ్ల వైపు లెన్సు తిప్పలేదు. బ్లర్ అయిన వెనకభాగంలో కొన్నిసార్లు మామ్మ ఉంటుంది.

ఇప్పుడు పటాలకి వచ్చేది వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి నలిగిన ఫొటో. దాన్ని కృత్రిమ మేధతో బాగుచేసే సాఫ్ట్‌వేరు మా అబ్బాయి నడుపుతాడు. చర్మం నున్నగా, కళ్లు తళతళలాడుతూ వస్తాయి. మా నాన్న పెన్సిలు పని గుర్తొస్తుంది. ఇంటివాళ్లు మళ్లీ గుమ్మం దగ్గర ఆగి అదే మాట అంటున్నారు, "బాగుందండి, కానీ..."

ఈ మధ్య డిగ్రీ చదివే అమ్మాయిలు పాత చిన్న డిజిటళ్ల కోసం వస్తున్నారు. ఫోనులో అందరి ముఖాలూ ఒకేలా వస్తున్నాయట, ఆ ఫ్లాష్ వెలుతురు, ఆ నలుసులే బాగున్నాయట. ఒకమ్మాయికి అరలోంచి పాత సైబర్‌షాట్ తీసి చూపించాను. వెండిరంగుది, లెన్సు సాఫీగా బయటికొస్తోంది, ఇసక లేదు. తనూ అడగనే అడిగింది, "అంకుల్, ఇదే ధరకి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ఒకటి చూశాను, ఏది తీసుకోమంటారు?" బ్యాగులో రోజూ ఏది వేసుకుంటావని అడిగితే సైబర్‌షాట్ తీసుకుంది. బ్యాటరీకి గ్యారంటీ లేదని, దీంట్లోకి మామూలు కార్డు పట్టదని, మెమరీ స్టిక్కే కావాలని, అది మా దగ్గర లేదు, ఆన్‌లైన్లో వెతుక్కోవాలని ముందే చెప్పాను. బేరం ఆడి రెండొందలు తగ్గించుకుని పట్టుకెళ్లింది.